బాబు వయసెంత?

(దుర్గాబాయి దేశ్‌ముఖ్ స్మృతికి అంకితంగా చేసిన ఉపన్యాసానికి అచ్చు పాఠం)

రాజమండ్రిలో కందుకూరి వీరేశలింగం ఇంటిని వెలివేశాక వంటవాళ్లు రావడం మానేశారు. నీళ్లు తెచ్చేవాళ్లూ మానేశారు. 1881 డిసెంబరు 11న మొదటి వితంతు వివాహం జరిగిన రోజుల మాట ఇది. ఆ ఇంటికి చేరిన ఆడపిల్లలకు వండిపెట్టిందీ, గోదావరి నుంచి బిందెలతో నీళ్లు మోసిందీ ఆయన భార్య రాజ్యలక్ష్మమ్మ. సంస్కరణ అనగానే మనకు పత్రికలూ, ఉపన్యాసాలూ, పెళ్లిపందిరీ గుర్తొస్తాయి. ఆ పందిరి వెనక ఒక వంటిల్లు ఉందని గుర్తు రాదు. ఇల్లు విడిచి వచ్చిన మనిషికి రాత్రిపూట తలుపు తీసేదెవరు, చాప పరిచేదెవరు, ఎన్నాళ్లు ఉండమనేదెవరు అన్నవి వంటింటి ప్రశ్నలు. ఉపన్యాసాలతో తేలేవి కావు. ఈ ఉపన్యాసానికీ ఆ మాట వర్తిస్తుంది.

అదే రాజమండ్రిలో 1909 జూలై 15న దుర్గాబాయి పుట్టింది. ఎనిమిదో ఏట పెళ్లి చేశారు. ఊహ తెలిశాక, తెలియని వయసులో జరిగిన ఆ పెళ్లి తనకు వద్దని బయటికి వచ్చేసింది. తండ్రి, తమ్ముడు ఆమె పక్షాన నిలబడ్డారు. తర్వాతి కథ తెలుగువాళ్లందరికీ తెలుసు: ఉప్పు సత్యాగ్రహం, జైలు, పట్టుబట్టి చదివిన చదువు, మద్రాసులో ఆంధ్ర మహిళా సభ, రాజ్యాంగ సభ, 1953లో కేంద్ర సాంఘిక సంక్షేమ మండలికి తొలి అధ్యక్షురాలి పదవి. ఈ కథ చెప్పేవాళ్లు గబగబా దాటేసే చోటు ఒకటుంది. కాపురం వద్దనుకున్న ఆ చిన్నపిల్ల తిరిగి వెళ్లడానికి ఒక ఇల్లు ఉంది. ఆ ఇంటి తలుపు ఆమెకు తెరిచే ఉంది.

ఆ ఇల్లు లేని వాళ్ల సంగతే ఇక్కడ చెప్పుకోవలసింది.

ఆడదానికి రెండిళ్లని మనవాళ్లు గొప్పగా చెబుతారు, పుట్టిల్లు ఒకటి, మెట్టినిల్లు ఒకటి అని. కట్టుబట్టలతో అర్ధరాత్రి రోడ్డున పడ్డ రోజున ఆ రెండింట్లో ఒక్కటీ తనది కాదు. మెట్టినింట్లోంచి తోసేస్తారు. పుట్టింట్లో అన్నం పెట్టి, కన్నీళ్లు తుడిచి, "సర్దుకుపోమ్మా" అని పొద్దున్నే బస్సెక్కిస్తారు. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం, పెళ్లయిన 18-49 ఏళ్ల స్త్రీలలో భర్త చేతిలో హింసకు గురైనవాళ్లు తెలంగాణలో 36.9 శాతం, ఆంధ్రప్రదేశ్‌లో 30 శాతం. దేశం మొత్తం మీద హింస అనుభవించిన స్త్రీలలో ఎవరినైనా సాయం అడిగినవాళ్లు 14 శాతమే. వాళ్లు కూడా ఎక్కువగా అడిగింది పుట్టింటివాళ్లనే. ప్రభుత్వం అనేది ఒకటుందని, దాని తలుపు కూడా తట్టవచ్చని తోచినవాళ్లు చాలా కొద్దిమంది.

ప్రభుత్వానికి వాళ్లు కనిపించారా అంటే, ఆ లెక్కా చూడాలి. 2011 జనగణనలో ఇల్లులేని వాళ్లను ఫిబ్రవరి 28 రాత్రి లెక్కపెట్టారు. పేవ్‌మెంట్ల మీద, ఫ్లైఓవర్ల కింద, సిమెంటు గొట్టాల్లో, గుడి మండపాల్లో, రైల్వే ప్లాట్‌ఫారాల మీద పడుకున్న వాళ్లు దేశంలో 17.7 లక్షల మంది అని తేలింది. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో దాదాపు లక్షా 45 వేలు. ఆ రాత్రి అక్కయ్య ఇంటి వరండాలో ఇద్దరు పిల్లలతో ముడుచుకుని పడుకున్న తల్లి ఈ లెక్కలో లేదు. కొట్టేవాడి పక్కనే పడుకున్నామె అసలే లేదు. ఆమెకు ఇల్లుంది కదా!

తలదాచుకునే చోట్లు ప్రభుత్వం పెట్టలేదని కాదు. 1969లో షార్ట్ స్టే హోమ్స్ వచ్చాయి. తర్వాత వాటి నిర్వహణ దుర్గాబాయి ఒకప్పుడు నడిపిన ఆ మండలికే చేరింది. 2001-02లో స్వాధార్ వచ్చింది. ఆ రెండూ కలిసి స్వాధార్ గృహ్ అయ్యాయి. 2022లో మిషన్ శక్తి కింద శక్తి సదన్ అని పేరు మార్చుకున్నాయి. బోర్డు రాసేవాడికి పని తప్పలేదు. ఈ మధ్యలో వచ్చిన అసలైన మార్పు 2005 నాటి గృహహింస చట్టం. అందులో ఆరో సెక్షన్ చిన్నదే కానీ బలమైనది: బాధితురాలు గానీ, ఆమె తరఫున రక్షణ అధికారి గానీ అడిగితే షెల్టర్ హోమ్ నడిపేవాళ్లు చోటు ఇచ్చి తీరాలి. ముందు రిపోర్టు రాయించుకుని రమ్మని తిప్పి పంపడానికి వీల్లేదని 2006 నాటి నియమాలు ఇంకో మాట చేర్చాయి. దయగా పెట్టే చోటును బాకీగా మార్చిన వాక్యాలివి.

2015 ఏప్రిల్ 1 నుంచి నిర్భయ నిధితో వన్ స్టాప్ సెంటర్లు మొదలయ్యాయి. జనం నోట అవి సఖి కేంద్రాలు. డాక్టరు, పోలీసు, లాయరు, కౌన్సెలర్ నలుగురూ ఒకే కప్పు కింద దొరకాలన్నది ఆలోచన. ఒంటిమీద దెబ్బలతో నాలుగు ఆఫీసుల చుట్టూ తిరిగి, నాలుగుసార్లు అదే కథ చెప్పుకుని, నాలుగోసారికి మాట పెగలక ఇంటికెళ్లిపోయిన వాళ్లను చూసిన వాళ్లకు ఇది ఎంత పెద్ద మేలో తెలుస్తుంది.

ఇప్పుడు ఆ కేంద్రాలు కొత్తగా పెట్టిన రోజుల నాటి ఒక రాత్రిని ఊహించుకుందాం. పదకొండు దాటింది. ఒకామె 181కి ఫోన్ చేసింది. సాయం అందింది, సఖి కేంద్రానికి చేరింది. వెంట పద్నాలుగేళ్ల కూతురు, తొమ్మిదేళ్ల కొడుకు. మంచినీళ్లు ఇచ్చారు, కూర్చోబెట్టారు. పేరు రాసుకున్నారు. కూతురి పేరు రాసుకున్నారు. ఆ తర్వాత వచ్చింది ప్రశ్న.

"బాబు వయసెంత?"

కేంద్రాలు పెట్టినప్పటి మార్గదర్శకాల్లో స్పష్టంగా ఉంది: తల్లితోపాటు ఆడపిల్లలు ఏ వయసువాళ్లయినా ఉండవచ్చు, మగపిల్లలైతే ఎనిమిదేళ్ల వరకే. స్వాధార్ గృహ్‌లోనూ మగపిల్లలకు హద్దు అదే. ఎనిమిది దాటిన కొడుకును బాలల సంరక్షణ చట్టం కింద నడిచే చిల్డ్రన్స్ హోమ్‌కు పంపాలన్నది అప్పటి నియమం. శక్తి సదన్ వచ్చాక ఆ గీత పన్నెండేళ్లకు జరిగింది. జరిగింది కానీ చెరగలేదు.

ఈ నియమం రాసినవాళ్లను తిట్టిపోయడం తేలిక. వాళ్ల భయానికి కారణం ఉంది. లోపల ఉన్న ఆడవాళ్లలో ఎందరో మగవాడి అడుగుల చప్పుడుకే ఉలిక్కిపడే స్థితిలో ఉంటారు. ఒకే హాలు, ఒకే బాత్‌రూమ్, పక్కపక్కన మంచాలు. పదిహేనేళ్ల అబ్బాయిని అక్కడ ఎలా ఉంచుతారు? నిజమే. అయితే జవాబు గదికి గోడ కట్టడంలో ఉంది గానీ కొడుకును కోసి పక్కన పెట్టడంలో లేదు. అమ్మానాన్నల మధ్య అడ్డుపడి దెబ్బలు తిన్నది చాలా ఇళ్లలో ఆ కొడుకే. వాడిని ఎక్కడో వదిలి నువ్వు లోపలికి రా అంటే ఏ తల్లి అయినా ఏం చేస్తుందో అనుభవజ్ఞులు చెప్పనక్కర్లేదు. ఆటో మాట్లాడుకుని వచ్చిన దారినే వెళ్లిపోతుంది. రిజిస్టరులో "ఇష్టపూర్వకంగా వెళ్లిపోయినది" అని రాసుకుంటారు.

ఇంకో లెక్క చూడండి. సఖి కేంద్రంలో గరిష్ఠంగా ఉండనిచ్చేది ఐదు రోజులు. గృహహింస చట్టం కింద మేజిస్ట్రేటుకు దరఖాస్తు పెడితే మొదటి వాయిదా మామూలుగా మూడు రోజుల్లో పడాలి, అక్కడి నుంచి అరవై రోజుల్లో కేసు తేల్చడానికి కోర్టు ప్రయత్నించాలి. ఇదంతా చట్టం చెప్పినట్టే జరిగితే. ఐదుకీ అరవైకీ మధ్య ఉన్న రోజులు ఎక్కడ గడపాలి? శక్తి సదన్‌లో చోటుంటే అక్కడ, పిల్లవాడి వయసు సరిపోతే అక్కడ. లేకపోతే ఆ రోజుల్లోనే పెద్దమనుషులు దిగుతారు, పంచాయితీ జరుగుతుంది, "ఇకమీదట తాగను" అని ఒకాయన కాగితం మీద సంతకం పెడతాడు. మన ఊళ్లలో రాజీ అనేది చాలాసార్లు న్యాయం కాదు, మంచం కొరత.

అవతలి వైపు ఇంకో శాఖ ఉంది. నగరాల్లో ఇల్లులేని వాళ్ల షెల్టర్లు పురపాలక శాఖవి. వాటి పుట్టుక వేరు. 2009 డిసెంబరులో, చలి ముదిరిన వేళ, ఢిల్లీ పూసా రోడ్ దగ్గర ఇల్లులేని వాళ్ల తాత్కాలిక గుడారాన్ని పురపాలక సిబ్బంది తొలగించారు. చలికి మనుషులు చనిపోయారు. ఆహార హక్కు కేసులో సుప్రీంకోర్టు కమిషనర్లుగా ఉన్న ఎన్.సి. సక్సేనా, హర్ష్ మందర్ కోర్టుకు ఉత్తరం రాశారు. 2010లో కోర్టు ముందు ఢిల్లీకి, తర్వాత మిగతా రాష్ట్రాలకు ఆదేశాలిచ్చింది. లక్ష జనాభాకు ఒక షెల్టర్ అన్న కొలత అలా వచ్చింది. 2013లో జాతీయ పట్టణ జీవనోపాధి మిషన్ దాన్ని పథకంగా మార్చింది: లక్ష మందికి కనీసం వందమంది పట్టే శాశ్వత షెల్టర్, మనిషికి 50 చదరపు అడుగులు, రాత్రీ పగలూ తెరిచే ఉండాలి. కుటుంబాలకు వేరుగా ఉండాలని కూడా కాగితం మీద ఉంది. కట్టినవాటిలో ఎక్కువ భాగం ఒంటరి మగవాళ్లకే. హైదరాబాద్‌లో కొన్ని పెద్దాసుపత్రుల పక్కన రోగుల బంధువుల కోసం పెట్టిన షెల్టర్లు మాత్రం చెప్పుకోదగ్గవి. ఆసుపత్రి మెట్ల మీద టవల్ పరుచుకుని పడుకున్నవాళ్లకు వాటి విలువ తెలుసు.

సంగతేమిటంటే, స్త్రీ శిశు సంక్షేమ శాఖకు కావలసింది హింసకు గురైన స్త్రీ. పురపాలక శాఖకు కావలసింది ఇల్లులేని మనిషి. మొగుడు తన్ని తగిలేస్తే పిల్లలతో రోడ్డున పడ్డ తల్లి రెండూ అవుతుంది కాబట్టి రెండు శాఖలకూ సగం సగమే అవుతుంది. అద్దె కట్టలేక సామాను వీధిలో పడేసిన కుటుంబం పరిస్థితి ఇంకా విచిత్రం. అక్కడ కొట్టినవాడు లేడు. భార్యాభర్తలిద్దరూ పిల్లలతో కలిసి ఉండాలనుకుంటారు. భర్త మగవాళ్ల షెల్టరుకు, భార్య ఆడవాళ్ల షెల్టరుకు, పెద్దకొడుకు చిల్డ్రన్స్ హోమ్‌కు. సర్కారు సాయం చేసింది, సంసారం నాలుగు దిక్కులకూ పోయింది.

ఈ తప్పు మన ఒక్కరిదే కాదు. ఇంగ్లండు చేసింది, దిద్దుకుంది, దిద్దుకున్న తర్వాత ఇంకో గోతిలో పడింది. ఆ కథ చెప్పుకోవలసిందే.

1948 నాటి చట్టం కింద అక్కడ ఇల్లు పోయిన కుటుంబాలకు కౌంటీ హాస్టళ్లు ఉండేవి. తల్లీపిల్లలకే చోటు, భర్త బయట. కెంట్ కౌంటీలో వెస్ట్ మాలింగ్ దగ్గర కింగ్ హిల్ హాస్టల్‌లో భర్తలు చూడటానికి వచ్చి వెళ్లాలే తప్ప ఉండకూడదు. తల్లీపిల్లలకు కూడా గడువు మూడు నెలలే. 1965లో కొందరు భర్తలు తిరగబడ్డారు. భార్యాపిల్లల దగ్గరే ఉండిపోయారు, కదిలేది లేదన్నారు. కౌంటీ కోర్టుకెళ్లింది, కొందరు జైలుకు వెళ్లారు. పెళ్లాం పక్కన పడుకున్న నేరానికి జైలు! మరుసటి ఏడాది కౌంటీ దిగి వచ్చింది. 1966 నవంబరు 16న బీబీసీలో కెన్ లోచ్ తీసిన 'కేథీ కమ్ హోమ్' ప్రసారమైంది. చివర్లో రైల్వే స్టేషన్లో అధికారులు తల్లి చేతుల్లోంచి పిల్లల్ని లాక్కుపోతారు. దేశం అదిరిపడింది.

1971లో లండన్ చిజిక్‌లో ఎరిన్ పిజ్జీ ఒక పాత ఇంట్లో, దెబ్బలు తిన్న ఆడవాళ్లకు తలుపు తీసింది. ఎవరొచ్చినా కాదనకూడదన్నది ఆమె నియమం. తర్వాత మారిన పెద్ద ఇంట్లో 36 మందికే అనుమతి. ఉన్నది దానికి రెట్టింపు. కౌన్సిల్ కేసు పెట్టింది. 1977లో హౌస్ ఆఫ్ లార్డ్స్ ఆమెకు వ్యతిరేకంగా తీర్పిచ్చింది. ఒక పక్క ఇలా చట్టం ఆమెను తప్పుపట్టిన ఆ ఏడాదే, స్టీఫెన్ రాస్ అనే లిబరల్ సభ్యుడు ప్రవేశపెట్టిన బిల్లు చట్టమైంది. ఇల్లులేని వాళ్లకు చోటు చూపడం స్థానిక కౌన్సిల్ బాధ్యత అని అది తేల్చింది. పిల్లలున్న వాళ్లకు ముందు వరస. కుటుంబంగా కలిసి ఉండే వాళ్లందరికీ కలిపే చోటు ఇవ్వాలి. వీటన్నిటికంటే గట్టి మాట నిర్వచనంలో ఉంది: ఇల్లుండీ, ఆ ఇంట్లో ఉంటే అక్కడివాళ్ల చేతిలో హింస తప్పదన్న మనిషి కూడా ఇల్లులేని మనిషే.

మన జనగణనలో ఆ రాత్రి కనబడని తల్లి ఆ ఒక్క వాక్యంలో కనబడింది.

అలాగని ఇంగ్లండును నెత్తిన పెట్టుకోనక్కర్లేదు. కౌన్సిళ్లు కట్టిన ఇళ్లు ఎనభైల నుంచి అమ్ముడుపోతూ వచ్చాయి, కొత్తవి చాలినన్ని లేవలేదు. హక్కు ఉంది, ఇల్లు లేదు. కుటుంబాలను లాడ్జి గదుల్లో పడేశారు. ఆరువారాలకు మించి అలా ఉంచకూడదని 2004 నుంచి నియమం పెట్టారు, అదీ తరచు తప్పుతూనే ఉంది. 2024 మార్చి నాటికి అక్కడ తాత్కాలిక వసతిలో ఉన్న కుటుంబాలు లక్షా 17 వేలు దాటాయి. ఆ గదుల్లో పెరుగుతున్న పిల్లలు లక్షన్నర పైమాటే. హక్కు రాసిన చేతితోనే ఇటుక పేర్చకపోతే ఏమవుతుందో చూడాలంటే అక్కడికి వెళ్లాలి.

మళ్లీ మన గృహహింస చట్టానికొస్తే, అందులో ఒక ధైర్యమైన మాట ఉంది. అసలు ఆమె ఎందుకు బయటికి రావాలి? పదిహేడో సెక్షన్ ఉమ్మడిగా బతికిన ఇంట్లో ఉండే హక్కు ఆమెకు ఇచ్చింది, ఇల్లు ఎవరి పేరున ఉన్నా సరే. పందొమ్మిదో సెక్షన్ కింద కొట్టినవాడినే బయటికి పంపవచ్చు, లేదా అదే స్థాయి ఇల్లు వేరే చూపించమనవచ్చు, అద్దె కట్టమనవచ్చు. చట్టం అమల్లోకొచ్చిన ఏడాదే, 2006 డిసెంబరులో, బాత్రా కేసులో సుప్రీంకోర్టు ఇల్లు అత్తగారి పేరున ఉంటే కోడలికి ఈ హక్కు లేదని దాన్ని కుదించింది. పద్నాలుగేళ్లు కోడళ్లు ఆ తీర్పు కింద నలిగారు. 2020 అక్టోబరు 15న సతీశ్ చందర్ ఆహుజా కేసులో ముగ్గురు న్యాయమూర్తుల ధర్మాసనం ఆ తీర్పును తోసిపుచ్చింది.

ఇక్కడ తెలుగు రాష్ట్రాల్లో ఒక వింత చూడవచ్చు. ఆంధ్రప్రదేశ్‌లో 2020 డిసెంబరు నుంచి పంచిన లక్షలాది ఇళ్ల పట్టాలు ఆడవాళ్ల పేరునే ఉన్నాయి. తెలంగాణలో డబుల్ బెడ్‌రూమ్ ఇళ్లూ ఇల్లాలి పేరునే ఇచ్చారు. పట్టా బీరువాలో భద్రంగా ఉంటుంది. పట్టాదారు మాత్రం రాత్రి పక్కింటి అరుగు మీద ఉంటుంది. ఆయన లోపల గడియ పెట్టుకుని నిద్రపోతాడు. పందొమ్మిదో సెక్షన్‌ను ఈ పట్టాతో కలిపి వాడితే సగం షెల్టర్ల అవసరమే ఉండదు. ఆ సంగతి పట్టా పంచిన సభలో ఒక్కరైనా చెప్పి ఉంటే ఎంత బాగుండేది!

మిగతా సగానికి, ప్రాణభయంతో చిరునామా దాచుకోవలసిన వాళ్లకు, షెల్టర్ కావాలి. అది జైలు కాకూడదు. 2018లో టాటా సామాజిక శాస్త్రాల సంస్థ సోషల్ ఆడిట్ నివేదిక ఇచ్చేదాకా బిహార్‌లోని ముజఫర్‌పూర్ బాలికల గృహంలో ఏం జరుగుతోందో బయటి ప్రపంచానికి తెలియదు. 2020లో ఢిల్లీ కోర్టు ఆ కేసులో పందొమ్మిది మందిని దోషులుగా తేల్చింది. తాళం ఎవరి రక్షణ కోసం వేశారో, ఎవరి తప్పు దాచడానికి వేశారో బయట నిలబడ్డవాళ్లకు తేడా తెలియదు. హోమ్‌లో ఉండేవాళ్లను 'ఇన్‌మేట్లు' అని రాసే అలవాటు మన ఫైళ్లలో ఇంకా పోలేదు. జైలు రిజిస్టరులోనూ అదే మాట రాస్తారు.

సముద్రం దాటిన తెలుగు ఇళ్లలోనూ ఇదే కథ, వీసా అదనం. హెచ్-4 ఆశ్రిత వీసా మీద అమెరికా వెళ్లిన భార్యకు ఇల్లూ, బ్యాంకు ఖాతా, ఉండే అనుమతి చాలాసార్లు అన్నీ భర్త ఉద్యోగానికి కట్టి ఉంటాయి. పుట్టిల్లు వేల కిలోమీటర్ల అవతల. 1985లో న్యూజెర్సీలో దక్షిణాసియా స్త్రీల కోసం మొదలైన మానవి లాంటి సంస్థలు అలాంటివాళ్లకు తలుపు తీశాయి. ఆవకాయ వాసన తెలిసిన వంటిల్లు కూడా అక్కడ ఒక రకం వైద్యమే.

2025 మే నెలలో సుప్రీంకోర్టు గృహహింస చట్టం మీద మరో ఆదేశం ఇచ్చింది. రక్షణ అధికారులను జిల్లా, తాలూకా స్థాయిలో ఆరు వారాల్లో గుర్తించాలి, షెల్టర్ హోమ్‌లను పది వారాల్లో గుర్తించాలి అని. చట్టం వచ్చి ఇరవై ఏళ్లయ్యాక.

కాబట్టి ఈ పాఠం చదివినవాళ్లకు ఒక చిన్న పని. మీ జిల్లా కేంద్రంలో సఖి కేంద్రం ఎక్కడుందో కనుక్కోండి. ఒక పగటిపూట వెళ్లి, మర్యాదగా కూర్చుని, పద్నాలుగేళ్ల కొడుకుతో ఒక తల్లి ఈ రాత్రి ఇక్కడికి వస్తే ఆ ఇద్దరూ ఎక్కడ పడుకుంటారని అడగండి. వాళ్లు చెప్పిన జవాబును కలెక్టరుకు కార్డు మీద రాసి పంపండి.